జైలు లెక్కల్లో మన వాటా ఎందుకు ఎక్కువ?

జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటా జైళ్ల లెక్కలను పుస్తకంగా వేస్తుంది. 2019 పుస్తకం ప్రకారం ఆ ఏడాది చివరికి దేశంలోని జైళ్లలో 4,78,600 మంది ఉన్నారు. వాళ్లలో నేరం రుజువై శిక్ష అనుభవిస్తున్నవాళ్లు 1,44,125 మంది. నేరం రుజువు కాకుండా విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు 3,30,487 మంది. శిక్ష పడిన ఖైదీల్లో షెడ్యూల్డ్ తెగల వాళ్లు 13.6 శాతం. విచారణ ఖైదీల్లో 10.5 శాతం. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తంలో మన వాటా 8.6 శాతం మాత్రమే.

ఈ అంకెలు పత్రికల్లో వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. చట్టం అందరికీ ఒకటే, నేరం చేసినవాడు జైలుకు పోతాడు, ఎక్కువమంది పోతున్నారంటే ఎక్కువమంది చేస్తున్నారని అర్థం అనేది ఒక మాట. పోలీసులకు మనమంటే చులకన, కేసులన్నీ అబద్ధాలే అనేది ఇంకో మాట. మొదటిది బయటివాళ్లు అంటారు. రెండోది మనం మన సభల్లో అంటాం. మధ్యలో మరికొందరు ఇదంతా పేదరికం వల్లనే, కులం తెగ అంటూ వెతకక్కర్లేదు అంటారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ మూడూ ముందుగా అడగాల్సిన ఒక ప్రశ్నను దాటేస్తాయి. దేన్ని నేరం అనాలో ఎవరు నిర్ణయించారు? ఎప్పుడు నిర్ణయించారు? దానికి జవాబు చరిత్రలో ఉంది. తెలుగు నేల మీదే ఉంది.

చరిత్రలోకి పోయే ముందు అంకెల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. దేశం మొత్తం మీద 8.6 శాతాన్ని 13.6 శాతంతో పోల్చి ఊరుకుంటే లెక్క సగమే అవుతుంది. మధ్యప్రదేశ్‌లో మన జనాభా 21.1 శాతం, ఛత్తీస్‌గఢ్‌లో 30.6 శాతం. అలాంటి రాష్ట్రాల్లో జైళ్లు ఎక్కువగా నిండితే దేశం సగటులో మన వాటా దానంతట అదే పెరుగుతుంది. అందుకని ఏ రాష్ట్రం లెక్కను ఆ రాష్ట్ర జనాభాతోనే పోల్చి చూడాలి. 2011 నాటి లెక్కలను ఇప్పటి హద్దుల ప్రకారం చూస్తే తెలంగాణలో మన వాటా సుమారు 9.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 5.5 శాతం. ఈ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పదో తరగతి పిల్లలతో లెక్కల పీరియడ్‌లో చేయించదగ్గ పని ఇది. మన వాదన గట్టిగా నిలబడాలంటే ఎదుటివాడు అడగకముందే ఆ లెక్క మనం చేసి ఉండాలి.

ఇక చరిత్ర.

ఎరుకలవాళ్లలో శాఖల పేర్లు చూడండి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచెపురి ఎరుకల, ఎద్దు ఎరుకల, పరికముగ్గుల ఎరుకల. వీటిలో చాలావరకు వృత్తుల పేర్లే. ఉప్పు ఎరుకలవాళ్లు సముద్ర తీరంలో ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకు తీసుకుపోయేవాళ్లు. తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవాళ్లు. కరివేపాకువాళ్లు కొండ ఆకు తెచ్చి అమ్మేవాళ్లు. దబ్బవాళ్లు వెదురు చీల్చి బుట్టలు, చాటలు, గాదెలు అల్లేవాళ్లు. ఆడవాళ్లు సోది చెప్పేవాళ్లు. ఒక ఊళ్లో స్థిరంగా ఉండకపోవడం వాళ్ల బతుకుతెరువులో భాగం. రోడ్లు లేని కాలంలో లోపలి పల్లెలకు ఉప్పు చేరిందంటే ఇలాంటి సంచార వ్యాపారుల వల్లనే.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఈ బతుకు మీద మూడు దెబ్బలు వరసగా పడ్డాయి. ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించి పన్ను పెంచింది. రైలు వచ్చి సరుకు రవాణాను లాగేసుకుంది. 1882 మద్రాసు అడవి చట్టంతో వెదురుకు, ఆకుకు, పశువుల మేతకు అడ్డు వచ్చింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన పుస్తకంలో ఎరుకల, కొరవల కథను ఈ దారిలోనే వివరించారు. బతుకుతెరువు పోయిన సంచార జాతి ప్రభుత్వం కంటికి అనుమానాస్పదమైన గుంపుగా కనబడడం మొదలైంది. పన్ను కట్టే భూమి లేదు, చిరునామా లేదు, రాత్రి ఇక్కడుంటే పొద్దున ఇంకో చోట ఉంటారు. ఆ గుంపులో కొందరు దొంగతనాలు చేయలేదని ఎవరూ అనడం లేదు. కరువు కాలంలో అన్ని కులాల్లోనూ చేశారు. తేడా ఏమిటంటే, మిగతా కులాల్లో దొంగ ఒక్కడే దొంగ. ఇక్కడ జాతి మొత్తాన్ని దొంగ అన్నారు.

అలా అనడానికి చట్టం ముందే తయారుగా ఉంది. 1871లో ఉత్తర భారతం కోసం తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. 1924లో మళ్లీ కూర్చారు. తెలుగు జిల్లాల్లో ఎరుకలవాళ్లను, యానాదుల్లో కొందరిని, ఇంకొన్ని సంచార జాతులను దీని కింద ప్రకటించారు. ప్రకటన సరైందా కాదా అని ఏ కోర్టులోనూ అడగడానికి వీల్లేదని చట్టంలోనే రాసుకున్నారు. ప్రకటించిన తర్వాత పేర్లు నమోదు చేసి వేలిముద్రలు తీసుకునేవాళ్లు. రోజూ హాజరు చెప్పాలి. పక్క ఊరికి పోవాలంటే పాసు కావాలి.

మన చర్చకు అసలు కీలకం ఈ చట్టంలోని శిక్షల భాగం. హాజరు తప్పినా, పాసు లేకుండా కదిలినా జైలు. పదేపదే తప్పితే మూడేళ్ల దాకా. అనుమానించదగ్గ చోట కనబడ్డా జైలు. చట్టం జాబితాలో రాసిన నేరానికి రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడేళ్లు. మూడోసారి పడితే యావజ్జీవం ద్వీపాంతరం. అదే నేరం వేరే కులస్థుడు చేస్తే అతనికి ఎన్ని నెలలు, ఎన్నేళ్లు అనేది మేజిస్ట్రేటు చేతిలో ఉండేది. ఎరుకలవాడికి మాత్రం పుట్టుకే శిక్షను పెంచింది.

ఇప్పుడు ఆ కాలపు జైలు లెక్క తీశారనుకోండి. ఎరుకలవాళ్లు ఎక్కువగానే కనబడతారు. కొందరు దొంగతనానికి వచ్చినవాళ్లు. కొందరు చుట్టాల పెళ్లికి పాసు లేకుండా పోయి దొరికినవాళ్లు. ఒకే నేరానికి మిగతావాళ్లు విడుదలై ఇళ్లకు పోయాక కూడా వీళ్లు లోపలే ఉంటారు కాబట్టి ఏ రోజు తల లెక్క తీసినా వీళ్ల సంఖ్య పెద్దదిగానే వస్తుంది. ఆ అంకెను చూపించి ఇది నేరస్థుల జాతి అనడం చాలా తేలిక. ఆ మాటతో నిఘా ఇంకా పెరుగుతుంది. నిఘా పెరిగితే దొరికేవాళ్లు పెరుగుతారు. ఇక్కడ చట్టమే నేరాన్ని పుట్టించింది. ఆ నేరం అంకె అయింది. ఆ అంకె తిరిగి చట్టానికి సాక్ష్యం అయింది. మొదటి మాట అనేవాళ్లు ఈ చుట్టును ఎప్పుడూ చూడరు.

స్టూవర్టుపురం సంగతి ఈ పుస్తకం చదివే చాలామందికి తెలుసు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ మొదటి ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందు ఈ సెటిల్‌మెంట్‌ను మొదలుపెట్టింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇంకొకటి నడిపింది. సీతానగరంలో, కర్నూలు వైపు సిద్ధాపురంలో మరికొన్ని వెలిశాయి. భూములిచ్చారు, బడి పెట్టారు అనేది నిజం. చుట్టూ ఉన్న పరిశ్రమలకు చవక కూలీలు దొరికారనేదీ నిజం. చీరాలలోని పొగాకు కంపెనీకి స్టూవర్టుపురం నుంచి పనివాళ్లు పోయేవాళ్లు. రోజూ హాజరు చెప్పాల్సిన మనిషి కూలి పెంచమని సమ్మె చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. సంస్కరణ అనే పేరుతో జరిగిన పనిలో జైలు, బడి, కూలి మూడూ కలిసిపోయి ఉన్నాయి. ఇదే ఊరిలో స్వాతంత్ర్యం తర్వాత లవణం, ఆయన భార్య హేమలత ఏళ్ల తరబడి పనిచేశారు. హేమలత కవి గుర్రం జాషువా కూతురు. వాళ్ల మీద గౌరవం ఉంచుకుంటూనే ఒక మాట అనాలి. సంస్కరించాల్సింది ఆ ఊరి మనుషులను అన్న ఆలోచనే అప్పటికీ అందరి మనసుల్లో ఉండిపోయింది. ఆ ఊరి చుట్టూ కట్టిన చట్టాన్ని, రిజిస్టర్లను సంస్కరించాలని అన్నవాళ్లు తక్కువ. నవలలు, సినిమాలు కూడా దొంగల ఊరనే పేరునే అమ్ముకున్నాయి. ఆ ఊళ్లో టీచర్లు, గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు ఉంటే తెర మీద వాళ్లకు చోటు ఎక్కడిది?

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. వెంటనే 1948లో అలవాటుపడ్డ నేరస్థుల చట్టం తెచ్చింది. దేశమంతటికీ సంబంధించి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఒక విచారణ సంఘం వేశారు. ఆయన చిత్తూరు ప్రాంతం మనిషి, తర్వాత లోక్‌సభ స్పీకరు అయ్యారు. ఆ సంఘం నివేదిక మీద 1952 ఆగస్టు 31న నేరస్థ తెగల చట్టం దేశమంతటా పోయింది. విముక్త జాతులు ఆ తేదీని తమ విముక్తి దినంగా జరుపుకుంటాయి. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1962లో మళ్లీ అలవాటుపడ్డ నేరస్థుల చట్టం వచ్చింది. పేరులో తెగ లేదు. కాగితం మీద అది ఏ కులస్థుడికైనా వర్తిస్తుంది. పోలీసు స్టేషన్‌లోని పాత రిజిస్టర్లో ఉన్నది మాత్రం పాత పేర్లే.

ఎరుకల కథ ఒక జాతిని నేరస్థులన్న కథ. కొండల్లో మన కథ కొంచెం వేరు. ఇక్కడ జాతిని అనలేదు, పనిని నేరమన్నారు. దాని మొదటి పెద్ద ఉదాహరణ రంప. జీలుగు కల్లు, తాటి కల్లు మన్యంలో పండగకూ చావుకూ ఉండాల్సిందే. రంప మన్సబుదారు దాని మీద చిగురుపన్ను వేశాడు. ప్రభుత్వం కల్లు మీద హక్కును కాంట్రాక్టరుకు అప్పగించి, ఇంటి అవసరానికి గీసుకోవడాన్ని కూడా నిషేధించింది. మైదానం వ్యాపారులు కోర్టు డిక్రీలు పట్టుకుని పశువులను తోలుకుపోవడం, పోలీసుల వేధింపులు దానికి తోడయ్యాయి. 1879 మార్చిలో తిరుగుబాటు మొదలైంది. గుంపులు పోలీసు స్టేషన్ల మీద పడ్డాయి. అణచివేత తర్వాత ఎంతోమంది జైళ్లకు పోయారు. తన చెట్టు కల్లు తాను తాగిన మనిషి నిన్నటిదాకా గృహస్థుడు, ఇవాళ నేరస్థుడు. మధ్యలో ఆ మనిషి ఏమీ మారలేదు, ఆబ్కారీ నియమం మారింది.

అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్లలో గాం మల్లుదొర ఒకరు. ఆయనకు ఉరిశిక్ష వేశారు, తర్వాత యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. 1952 ఎన్నికల్లో ఆయన విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఒకే మనిషి ఒక ప్రభుత్వం రికార్డులో ఖైదీ, ఇంకో ప్రభుత్వం రికార్డులో గౌరవ సభ్యుడు. బడుల్లో సీతారామరాజు పాఠం చెప్పేటప్పుడు మల్లుదొర సంగతి ఒక్క ముక్క చేరిస్తే, నేరం అనే మాట కాలాన్ని బట్టి ఎలా మారుతుందో పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు.

పోడు సంగతి మనకు చెప్పక్కర్లేదు. రిజర్వు అడవిగా గీత గీసిన రోజు నుంచి పోడు కొట్టడం నేరం, పుల్ల తేవడం నేరం, మేక మేయడం నేరం. 1967 ఆంధ్రప్రదేశ్ అడవి చట్టం కింద అనేక కేసుల్లో రాజీ రుసుము కట్టి బయటపడవచ్చు. డబ్బున్న కలప వ్యాపారికి అది ఖర్చుల పద్దు. కూలివాడికి అది జైలు దారి. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత నల్లమలలో చెంచు చేతిలోని విల్లు సైతం అనుమానపు వస్తువైంది. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేస్తూ, అడవిలో ఉండేవాళ్లకు చారిత్రక అన్యాయం జరిగిందని దాని పీఠికలోనే రాసింది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి హక్కు వస్తుంది. పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని నాలుగో సెక్షన్ చెబుతోంది. అన్యాయం జరిగిందని పార్లమెంటే అన్న తర్వాత, ఆ అన్యాయపు కాలంలో పెట్టిన కేసులను ఏమనాలి? వాటిలో శిక్ష పడినవాళ్లు జైలు లెక్కల్లో నేరస్థులుగానే మిగిలారు.

ఇంతవరకు చదివి, అయితే మనవాళ్లు ఏ తప్పూ చేయరా అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. విశాఖ మన్యంలో గంజాయి ఉంది. సాగు చేసేవాళ్లున్నారు, బస్తా మోసే యువకులున్నారు. మాదకద్రవ్యాల చట్టం 1985 నాటిది. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అంటారు. కనీస శిక్ష పదేళ్లు. 37వ సెక్షన్ వల్ల బెయిలు దొరకడం చాలా కష్టం. ఇది చారిత్రక అన్యాయం కాదు, నేరమే. మన ఊళ్లలో టీచర్లు, పెద్దలు పిల్లలకు ఈ 20 కిలోల లెక్కను చెప్పి తీరాలి. ఒక రాత్రి మోతకూలి కోసం పదేళ్లు పోతాయని తెలియక ఎక్కువమంది ఇరుక్కుంటున్నారు.

అయినా ఈ నేరంలో సైతం ఎవరు జైల్లో కనబడతారు అన్నది వేరే ప్రశ్న. చట్టం బరువును తూస్తుంది. ఆ బరువు ఎవరి డబ్బుతో కొన్నదో, ఎవరి లాభానికి పోతోందో తూచదు. పట్టుబడిన చోట బస్తా పక్కన ఉన్నది మోసేవాడే. పెట్టుబడి పెట్టినవాడు వేరే రాష్ట్రంలో ఫోను పక్కన ఉంటాడు. శేషాచలం ఎర్రచందనంలోనూ అంతే. నరికేది జవ్వాది కొండల తమిళ గిరిజనులు, పేద కూలీలు. 2013 చివర్లో ఇద్దరు అటవీ అధికారుల హత్య జరిగింది. ఘోరమైన నేరం. ఆ కేసులో రెండు వందలకు పైగా తమిళ కూలీలను పట్టుకుని రెండేళ్లకు పైగా జైల్లో ఉంచారు. 2016లో తిరుపతి కోర్టు వాళ్లను నిర్దోషులని వదిలింది. మధ్యలో 2015 ఏప్రిల్ 7న అదే అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. ఆ రెండేళ్లలో తీసిన జైలు లెక్కల్లో ఆ నిర్దోషులందరూ ఉన్నారు.

నిర్దోషులు అంకెల్లో ఎలా కలిసిపోతారో దీనికన్నా పెద్ద ఉదాహరణ మన సరిహద్దు అవతలే ఉంది. 2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసులను ఊపా చట్టం కింద పట్టుకెళ్లారు. 2022 జూలైలో దంతెవాడ కోర్టు 121 మందిని నిర్దోషులుగా తేల్చింది. ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో ఏడాదికోసారి వచ్చిన జైళ్ల పుస్తకాల్లో షెడ్యూల్డ్ తెగల విచారణ ఖైదీలుగా లెక్కకెక్కినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. జైల్లో ఉన్నారు కాబట్టి నేరం చేసే ఉంటారనే తర్కానికి ఈ ఒక్క కేసు చాలు. పోయిన జవాన్ల కుటుంబాలకు కూడా దీనివల్ల న్యాయం జరగలేదు.

ఇలాంటి చర్చ మనకే పరిమితం కాదు. ఆస్ట్రేలియాలో ఆదిమ జాతుల వాళ్లు జైళ్లలో వరసగా చనిపోతున్నారని 1987లో ఒక రాయల్ కమిషన్ వేశారు. 99 మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1991లో నివేదిక ఇచ్చింది. జైల్లో ఉన్న తెల్లవాళ్లతో పోలిస్తే జైల్లో ఉన్న ఆదిమ జాతివాళ్లు ఎక్కువ రేటున చావడం లేదని తేలింది. చావులు ఎక్కువ కావడానికి కారణం, అసలు లోపలికి పంపినవాళ్లే చాలా ఎక్కువ కావడం. వీధిలో తాగి కనబడటం లాంటి చిన్న తప్పులకు పట్టుకెళ్లడం దానికి ఒక ముఖ్య దారి. చావుల మీద వేసిన కమిషన్ చివరికి భూమి, చదువు, తాగుడు, పోలీసుల గురించి 339 సిఫారసులు రాయాల్సి వచ్చింది. మన రంప కల్లు గుర్తొస్తుంది.

ఇప్పుడు పేదరికం వాదానికి వద్దాం. అది అబద్ధం కాదు. దాని చోటు వేరు. ఏది నేరమో పేదరికం నిర్ణయించదు. కానీ పట్టుబడిన తర్వాత ఎన్నాళ్లు లోపల ఉండాలో చాలావరకు అదే నిర్ణయిస్తుంది. మొదట్లో చెప్పిన అంకెల్లో ఒక వింత ఉంది. ముస్లింల వాటా విచారణ ఖైదీల్లో 18.7 శాతం, శిక్ష పడినవాళ్లలో 16.6 శాతం. అంటే విచారణలో ఎక్కువ, శిక్షలో తక్కువ. మనకు తిరగబడింది. విచారణలో 10.5, శిక్షలో 13.6. పట్టుకున్న తర్వాత మనవాళ్లకే ఎక్కువగా శిక్ష పడుతోందని ఒక్క అంకెతో తీర్పు చెప్పలేం. పొడవైన శిక్షలు పోగుపడ్డా ఇలాగే కనబడుతుంది. రాష్ట్రాల తేడా కూడా ఇందులో ఉంది. కానీ మన కోర్టు అనుభవం తెలిసినవాళ్లకు దీనికి ఒక కారణం తట్టకుండా ఉండదు. వకీలు వాయిదాకు రాడు. సాక్షిని ఎవరూ అడ్డు ప్రశ్నలు వేయరు. ఒప్పుకుంటే త్వరగా వదిలేస్తారని పక్కనున్నవాడు చెబుతాడు, మనిషి తల ఊపుతాడు.

భాష సంగతి ఇంకొకటి. ముద్దాయికి అర్థమయ్యే భాషలో సాక్ష్యాన్ని తర్జుమా చేసి చెప్పాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్‌లో ఉంది. కోయ, కువి, కొండ భాషల వాళ్లకు ఏ కోర్టులో దుబాసీ ఉన్నాడో మీ జిల్లాలో విచారించి చూడండి. తెలుగు వచ్చు కదా అంటారు. సంతలో బేరమాడే తెలుగు వేరు, సెషన్స్ కోర్టు తెలుగు వేరు.

బెయిలు వచ్చినా బయటికి రాలేకపోవడం అన్నిటికన్నా చోద్యం. 1978లో మోతీరాం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ సంగతి తేల్చారు. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీమేస్త్రిని పదివేల రూపాయల పూచీ అడిగారు. పక్క జిల్లాలో ఉన్న తమ్ముడి పూచీని ఆ జిల్లావాడు కాదని తోసిపుచ్చారు. అది తప్పని సుప్రీంకోర్టు చెప్పింది. 45 ఏళ్ల తర్వాత, 2023 జనవరి 31న అదే కోర్టు మళ్లీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. బెయిలు మంజూరైనా పూచీ చూపలేక లోపలే ఉన్నవాళ్లు అప్పటికి దాదాపు 5 వేల మంది అని లెక్క తేలింది. అంతకు రెండు నెలల ముందు, 2022 నవంబర్ 26న, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రాజ్యాంగ దినోత్సవ సభలో రాసుకొచ్చిన ప్రసంగాన్ని పక్కనపెట్టి ఈ జైలు జనం గురించే మాట్లాడారు. బయటికి తెచ్చుకునే ఖర్చుకు భయపడి ఇంటివాళ్లే వదిలేసినవాళ్ల గురించి జడ్జీల ముందు అడిగారు. సంతాల్ ఊరి నుంచి వచ్చిన మనిషి కాబట్టి ఆ మాట ఆమెకు కాగితం మీద అక్కర్లేకపోయింది.

పూచీ దగ్గర మనకు ఇంకో చిక్కు ఉంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం కాపాడుతోంది. అటవీ హక్కు పట్టా వారసులకు పోతుంది కానీ అమ్మడానికి, బదిలీకి వీల్లేదు. ఈ రెండూ మనం పోరాడి సాధించుకున్నవి, వదులుకోకూడనివి. కానీ కోర్టు పూచీకి ఆస్తి విలువ చూపమన్నప్పుడు బజారులో అమ్ముడుపోని భూమికి విలువ ఎవరు కడతారు? మైదానంలో ఎకరం ఉన్న రైతు పూచీదారు అవుతాడు. ఐదెకరాల పోడు పట్టా ఉన్న కోయ రైతు తన సొంత అన్నకు పూచీ నిలబడలేకపోతాడు. దీనికి మందు భూమి అమ్ముకునే హక్కు కాదు. 2023 ఆదేశాల్లోనే ఉంది. బెయిలు వచ్చి నెల దాటినా పూచీ చూపలేకపోతే షరతులను సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే ఆలోచించవచ్చు. స్థానిక పూచీయే కావాలనే షరతు పెట్టకూడదు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బెయిలు మీద వదలాలి. ఉరి, యావజ్జీవం పడే కేసులకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. పాత కేసులకు కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక ఉత్తరం రాయడం చదువుకున్న పిల్లలు ఎవరైనా చేయగల పని. ఖైదీ పేరు, కేసు నంబరు, లోపలికి పోయిన తేదీ, బెయిలు వచ్చిన తేదీ, ఈ నాలుగూ ఉంటే చాలు.

చివరగా జైలు లోపలి సంగతి. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. సుకన్య శాంత జర్నలిస్టు. జైళ్ల మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని పంచే నియమాలు ఇంకా ఉన్నాయని ఆమె రాసి, కోర్టుకు పోయారు. పశ్చిమ బెంగాల్ నియమాల్లో, రాత్రి కాపలాకు పెట్టే ఖైదీ సంచార తెగల వంటి, సహజంగానే పారిపోయే స్వభావం ఉన్న వర్గాలవాడు కాకూడదని రాసి ఉంది. 1871 నాటి ఆలోచన 2024 దాకా జైలు బీరువాలో భద్రంగా ఉందన్నమాట. కోర్టు ఆ నియమాలను కొట్టేసింది. మాన్యువళ్లలో అలవాటుపడ్డ నేరస్థుడు అనే మాటను విముక్త జాతులకు ముడిపెట్టడం చెల్లదని చెప్పింది. అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలను రద్దు చేయమని ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2007లోనే భారత ప్రభుత్వానికి చెప్పింది. తీర్పులో కోర్టు కూడా ఆ చట్టాలు ఇంకా అవసరమా అని ఆలోచించే పనిని ప్రభుత్వాలకు వదిలింది. 1962 నాటి మన చట్టాన్ని ఏం చేయాలో తేల్చవలసింది హైదరాబాద్, అమరావతి శాసనసభలు. ఆ రెండింటిలోనూ షెడ్యూల్డ్ తెగలకు కేటాయించిన స్థానాల నుంచి గెలిచిన మన ఎమ్మెల్యేలు ఉన్నారు.